తుప్పులో అయస్కాంతాన్ని చూసిన తకేషీ తకేయి



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు ముందు నాకు ఏమీ తోచలేదు. మహనీయుల జీవిత చరిత్రలు ప్రతి సంచికలోనూ ఉంటాయి. బాబాసాహెబ్ అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, అబ్దుల్ కలాం గారి గురించి నాకంటే బాగా రాయగలిగిన వాళ్లు మీలోనే ఉన్నారు. అందుకని మన గోడల మీద పటం లేని ఒక మనిషి గురించి రాద్దామనుకున్నాను. పటం లేదు గానీ ఆయన మొదలుపెట్టిన పని మాత్రం మన హాస్టల్ నిండా ఉంది. ప్రార్థన సమయంలో మోగే సౌండ్ బాక్సులో ఉంది. వంటగదిలోని రేడియోలో ఉంది. వార్డెన్ గారి మొబైల్ చార్జర్‌లో కూడా ఉంది. ఆయన పేరు తకేషీ తకేయి. జపాన్ దేశస్థుడు. శాస్త్రజ్ఞులు ఆయనను ఫెర్రైట్ పితామహుడు అంటారు.

ఆయన దగ్గరకు వెళ్లేముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా హాస్టల్‌లో పాడైపోయిన స్పీకరు ఒకటి స్టోరు రూము వెనక పడేశారు. దాని అట్ట చింపి, రాయితో కొట్టి, వెనక ఉన్న నల్లటి గుండ్రటి బిళ్లను ఊడదీశాను. మీలో ఈ పని చేయనివాడు ఉంటే చేయి ఎత్తండి! ఇనుము కాబోలనుకుని గట్టిగా కొడితే అది కుండపెంకులాగా రెండు ముక్కలైంది. లోపల బూడిద రంగులో గరుకుగా ఉంది. మేకులను మాత్రం లటుక్కున పట్టుకుంటోంది. ఎవరూ చూడకముందే రెండు ముక్కలనూ కలిపి జిగురుతో అతికిద్దామనుకున్నాను. విరిగినచోట సరిగ్గా ఆనించబోతే అవి ఒకదాన్నొకటి తోసేస్తున్నాయి. ఒక్క ముక్కగా ఉన్నప్పుడు కలిసి ఉన్నవి విరిగాక ఎందుకు పడవు? రాయిలా విరిగేది అయస్కాంతం ఎలా అయింది? ఈ రెండు ప్రశ్నలూ చాలా ఏళ్లు నాతోనే ఉన్నాయి.

తకేయి గారు 1899 జూలై 15న జపాన్‌లోని సైతామా ప్రాంతంలో, టోక్యోకు దగ్గరగా ఉన్న యోనో అనే పట్టణంలో జన్మించారు. టోక్యో ఉన్నత సాంకేతిక పాఠశాలలో విద్యుత్ రసాయన శాస్త్రం చదివారు. అక్కడ ఆయనకు దొరికిన గురువు యోగొరో కాతో. ఈ కాతో గారు 1872లో పుట్టినవారు. అమెరికా వెళ్లి ఎం.ఐ.టి.లో పరిశోధన చేసి తిరిగి వచ్చిన ఆచార్యులు. పరాయి దేశాల నుంచి తెచ్చుకున్న పద్ధతులను అనుకరించడం కాదు, సొంతంగా కొత్తది కనిపెట్టాలన్నది ఆయన పట్టుదల.

తరువాత తకేయి ఉత్తర జపాన్‌లో సెందాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయానికి వెళ్లి చదువుకున్నారు. ఆ రోజుల్లో సెందాయ్ అంటే అయస్కాంతాల ఊరు. కోతారో హోండా అనే మహా శాస్త్రజ్ఞుడు అక్కడే 1917లో కె.ఎస్. ఉక్కు అనే గట్టి అయస్కాంతాన్ని తయారుచేశారు. ఇనుములో కోబాల్ట్, టంగ్‌స్టన్, క్రోమియం కలిపి చేసిన ఉక్కు అది. అప్పట్లో ప్రపంచమంతా అయస్కాంతం అంటే లోహమే అనుకునేది. మంచి అయస్కాంతం కావాలంటే మంచి ఉక్కు పోత పోయాలి. తుప్పు పట్టిన ఇనుము సంగతి ఎవరికి కావాలి?

1929లో టోక్యో సాంకేతిక పాఠశాల విశ్వవిద్యాలయ హోదా పొందింది. కాతో గారు తన పాత శిష్యుణ్ణి అక్కడికి పిలిపించుకున్నారు. తకేయి సహాయ ఆచార్యుడిగా చేరారు. ఆయనకు అప్పగించిన సమస్య అయస్కాంతాలది కానే కాదు, జింకు తయారీది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథ అంతా ఇక్కడి నుంచే మలుపు తిరిగింది.

జింకు ఖనిజంలో గంధకం ఉంటుంది, కొంత ఇనుము కూడా ఉంటుంది. ఖనిజాన్ని గాలిలో వేయించి గంధకాన్ని పోగొడతారు. అప్పుడు జింకు ఆక్సైడ్ మిగులుతుంది. దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలోంచి విద్యుత్తుతో జింకును తీస్తారు. కానీ ఆ వేయించే వేడిలో కొంత జింకు ఆక్సైడ్, ఇనుప ఆక్సైడ్‌తో కలిసిపోయి జింకు ఫెర్రైట్ అనే మొండి పదార్థం అవుతుంది. అది ఆమ్లంలో తేలికగా కరగదు. దానిలో చిక్కుకున్న జింకు మడ్డితో పాటు నష్టమైపోతుంది. మన విశాఖపట్నంలో కూడా ఒకప్పుడు జింకు కర్మాగారం నడిచింది. ఆ పని తెలిసిన వాళ్లకు ఈ తలనొప్పి ఏమిటో తెలుసు. ఈ ఫెర్రైట్ స్వభావం ఏమిటి, దీన్ని ఎలా వేరు చేయాలి అన్నది తకేయి ముందున్న ప్రశ్న.

వేరు చేయడానికి అయస్కాంతం ఉపయోగపడుతుందేమో చూద్దామని ఆయన ఫెర్రైట్ల అయస్కాంత గుణాలను కొలవడం మొదలుపెట్టారు. జింకుతో ఆగలేదు. జింకు బదులు రాగి, కోబాల్ట్ వంటి వేరే లోహాల ఆక్సైడ్లను ఇనుప ఆక్సైడ్‌తో కలిపి, పొడిచేసి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి, ఒక్కొక్కదాన్నీ పరీక్షించారు. మన ఊరి కుమ్మరి చేసే పని కూడా దాదాపు ఇదే కదా. మట్టి తొక్కడం, రూపం ఇవ్వడం, ఆవంలో కాల్చడం. తకేయి చేస్తున్నది కూడా కుండలే. కాకపోతే మట్టి బదులు తుప్పు జాతి పొడి.

1930లో ఒకరోజు కోబాల్ట్ ఫెర్రైట్ ముక్కను వేడిచేస్తూ, అయస్కాంత క్షేత్రంలో పెట్టి కొలుస్తున్నారు. పని ముగించుకుని ఇంటికి వెళ్లేటప్పుడు పరికరం స్విచ్ కట్టేయడం మరిచిపోయారు. రాత్రంతా క్షేత్రం అలాగే ఉంది, ముక్క మాత్రం మెల్లగా చల్లారింది. మర్నాడు వచ్చి చూస్తే ఆ ముక్క బలమైన అయస్కాంతం అయి కూర్చుంది. ముందు రోజు అదే ముక్క, అదే పొడి, అదే కొలిమి. అప్పుడు లేని గుణం ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇలాంటి చోట చాలామంది ఏం చేస్తారు? కరెంటు వృథా అయిందని తిట్టుకుని, ముక్కను పక్కన పారేసి, లెక్క మళ్లీ మొదటి నుంచి రాసుకుంటారు. తకేయి ఆ మరపును మళ్లీ కావాలని చేసి చూశారు. ముక్కను సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, క్షేత్రంలో ఉంచి చల్లార్చారు. మళ్లీ అదే ఫలితం. క్షేత్రం లేకుండా చల్లారిస్తే ఆ బలం రాలేదు. తేడా పదార్థంలో లేదు, చల్లార్చిన తీరులో ఉంది.

కారణం ఏమిటంటే, ఆ వేడిలో స్ఫటికం లోపలి కోబాల్ట్ అయాన్లు కొంచెం కదలగలవు. బయటి క్షేత్రం ఏ దిక్కును చూపిస్తే ఆ దిక్కుకు అనుకూలమైన చోట్లలో అవి సర్దుకుంటాయి. చల్లారాక ఇక కదలలేవు. ఆ దిక్కు అలా నిలిచిపోతుంది. వేడి బెల్లం పాకం అచ్చులో పోస్తే అచ్చు రూపం వస్తుంది. చల్లారి గడ్డకట్టిన తరువాత అచ్చు తెచ్చి పెడితే ఏం లాభం? ఇక్కడ అచ్చు ఇనుముది కాదు, కంటికి కనపడని అయస్కాంత క్షేత్రమే అచ్చు.

కాతో, తకేయి దీనికి ఓ.పి. అయస్కాంతం అని పేరు పెట్టారు. ఆక్సైడ్ పౌడర్ అన్న మాటల పొట్టి రూపం అది. దీని శక్తి గురించి ఒక్క ముక్క చెప్పాలి. అయస్కాంతానికి రెండు గుణాలు ముఖ్యం. ఒకటి, ఎంత బలంగా లాగుతుంది అన్నది. రెండోది, ఎదురు క్షేత్రం వచ్చి తన బలాన్ని చెరపబోతే ఎంతవరకు తట్టుకుంటుంది అన్నది. ఈ రెండో గుణాన్ని నేను మొండితనం అంటాను. లాగే బలంలో ఓ.పి. అయస్కాంతం ఉక్కుకు సాటిరాలేదు. మొండితనంలో మాత్రం దాటిపోయింది. పైగా తేలిక. లోహం కాదు కాబట్టి విద్యుత్తు కూడా దానిలో ప్రవహించదు అన్నంత తక్కువ. మరుసటి సంవత్సరమే, 1931లో, తొకుషిచి మిషిమా అనే మరో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇనుము, నికెల్, అల్యూమినియంలతో ఎం.కె. ఉక్కు తయారుచేశారు. లోహాల వైపు పరుగు అంత జోరుగా ఉన్న రోజుల్లో, కాల్చిన పొడిని పట్టుకుని కూర్చోవడానికి ధైర్యం కావాలి.

ఓ.పి. అయస్కాంతం కంటే తకేయి రెండో ఆవిష్కరణ లోకానికి ఇంకా ఎక్కువ ఉపయోగపడిందని నా అభిప్రాయం. జింకు ఫెర్రైట్ మామూలు వేడిమిలో అయస్కాంతానికి అంటుకునేది కాదు. రాగి ఫెర్రైట్ అంటుకుంటుంది. ఈ రెండూ కలిపితే బలం తగ్గాలి కదా, పాలలో నీళ్లు కలిపినట్టు. కానీ తగిన పాళ్లలో కలిపితే బలం పెరిగింది! ఇలా చేసిన రాగి జింకు ఫెర్రైట్ మొండిది కాదు, మెత్తనిది. అంటే క్షేత్రం మారినప్పుడల్లా తేలికగా దిక్కు మార్చుకుంటుంది. రేడియోలో సెకనుకు లక్షలసార్లు దిక్కు మారే విద్యుత్తుకు ఇనుప కోర్ వాడితే లోపల సుడి ప్రవాహాలు పుట్టి వేడెక్కిపోతుంది. ఫెర్రైట్‌లో విద్యుత్తు ప్రవహించదు కాబట్టి ఆ నష్టం చాలా తక్కువ.

జింకు కలిపితే బలం ఎందుకు పెరుగుతుందో 1948 వరకు లోకానికి సరిగా అర్థం కాలేదు. ఆ ఏడాది ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ వివరించారు. ఫెర్రైట్‌లో ఇనుప అయాన్లు రెండు జట్లుగా ఉండి ఒకదానికొకటి ఎదురు దిక్కుకు లాగుతుంటాయి. జింకు వెళ్లి బలహీన జట్టు స్థానాల్లో కూర్చుంటుంది. తాడు లాగే పోటీలో అవతలి జట్టు నుంచి ఇద్దరు తప్పుకుంటే ఇవతలి జట్టు లాగుడు పెరిగినట్టే కనిపిస్తుంది కదా. నష్టం తెచ్చే మడ్డి అని కారణం వెతకమన్న జింకు ఫెర్రైట్ చివరికి ఇలా మేలు చేసింది.

ఇక ఈ పరిశోధన కర్మాగారం దాకా ఎలా చేరిందన్నది మరో కథ. అకితా ప్రాంతం నుంచి వచ్చిన కెంజో సైతో అనే యువకుడు ఉండేవాడు. అంగోరా కుందేళ్లను పెంచి ఉన్ని వ్యాపారం చేసి దెబ్బతిన్నవాడు. ఆయనకు కాతో గారితో పరిచయమైంది. జపాన్‌లో పరిశ్రమలు ఎక్కువగా పరాయి వాళ్ల తెలివితో నడుస్తున్నాయని, సొంత ఆవిష్కరణతో పరిశ్రమ పెట్టేవాడు కావాలని కాతో గారు ఆయనకు నచ్చజెప్పారు. ఫెర్రైట్ ఇంకా దేనికి పనికొస్తుందో ఎవరికీ పూర్తిగా తెలియని రోజుల్లో సైతో దాన్ని నమ్ముకున్నారు. కనెబో అనే బట్టల మిల్లుల సంస్థ అధిపతి షింగో త్సుదా పెట్టుబడి ఇచ్చి ఆదుకున్నారు. 1935 డిసెంబరు 7న టోక్యో దెంకి కగాకు కోగ్యో అనే కంపెనీ పుట్టింది. ఈ పేరు పొడుగ్గా, కొత్తగా ఉంది కదా! పొట్టి పేరు చెబితే మీ నాన్నలు గుర్తుపడతారు. టి.డి.కె. ఒకప్పుడు పాటలు రికార్డు చేయించుకునే ఖాళీ క్యాసెట్ల మీద కనిపించిన అక్షరాలే అవి. 1937లో రేడియో పరికరాల కోసం ఫెర్రైట్ కోర్ల తయారీ అక్కడ పెద్ద ఎత్తున మొదలైంది.

ప్రయోగశాలలో ఒక ముక్క బాగా రావడం వేరు, కర్మాగారంలో వేల ముక్కలు ఒకేలా రావడం వేరు. ఫెర్రైట్ విషయంలో ఇది మరీ నిజం. ఉదాహరణకు రాగి ఫెర్రైట్‌ను కాల్చాక ఒక్కసారిగా చల్లారిస్తే దాని స్ఫటికం ఒక రూపంలో ఉంటుంది, నెమ్మదిగా చల్లారిస్తే ఇంకో రూపం తీసుకుంటుంది. గుణాలు కూడా మారిపోతాయి. కొలిమి లోపల గాలి ఎంత ఉంది, వేడి ఎంతసేపు నిలిచింది, పొడి ఎంత మెత్తగా ఉంది అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇదే సమయంలో యూరప్‌లో హాలెండ్ దేశపు ఫిలిప్స్ కంపెనీలో జె.ఎల్. స్నూక్ అనే శాస్త్రజ్ఞుడు ఫెర్రైట్ల మీద పనిచేస్తున్నారు. ఆయన కూడా గొప్పవాడే, అది ఒప్పుకోవాలి. మాంగనీసు జింకు, నికెల్ జింకు ఫెర్రైట్లను బాగా అభివృద్ధి చేసి, ఆ శాస్త్రానికి ఒక పద్ధతి ఏర్పరచారు. అంతకుముందు 1909లోనే జర్మనీలో హిల్పర్ట్ అనే ఆయన ఫెర్రైట్లను కోర్లుగా వాడవచ్చని ఆలోచించారు గానీ, పనికొచ్చే వస్తువు చేతికి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జపాన్ ఓడిపోయి శిథిలమై ఉంది. లోకం ఫెర్రైట్ అనగానే ఫిలిప్స్ పేరు తలచుకోసాగింది. జపాన్‌లో పేటెంట్ల మీద వివాదం కూడా నడిచింది. స్నూక్ 1950లో కారు ప్రమాదంలో చనిపోయారు. తకేయి టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేస్తూ చదువు చెప్పుకుంటూ పోయారు. ముందు చేసినవాడి పేరు వెనక పడడం మనకు తెలియని సంగతేమీ కాదు.

ఆ రోజు నేను పగలగొట్టిన స్పీకరు బిళ్ల కోబాల్ట్ ఫెర్రైట్ కాదు. 1952లో ఫిలిప్స్ శాస్త్రజ్ఞులు బేరియం ఫెర్రైట్‌ను లోకానికి ప్రకటించారు. 1963లో అమెరికాలో కోచార్ట్ అనే ఆయన బేరియం బదులు స్ట్రాన్షియం వాడి ఇంకా మెరుగైన గుణాలు సాధించారు. కోబాల్ట్ ఖరీదైనది. బేరియం, స్ట్రాన్షియం, ఇనుప ఆక్సైడ్ చవక. అందుకే ఇవి ఊరూరా చేరాయి. అయినా తకేయి చూపిన దారి వీటిలోనూ కనిపిస్తుంది. తుప్పు పొడిని అచ్చులో నొక్కి కాల్చాలి, తయారీలో ఎక్కడో ఒకచోట క్షేత్రం చేత దిక్కు చెప్పించాలి.

డిప్లొమా అయ్యాక నేను కొన్నాళ్లు ఇలాంటి అయస్కాంతాలు చేసే ఒక చిన్న కర్మాగారంలో పనిచేశాను. అక్కడ చూసింది చెబుతాను. ముందు ఇనుప ఆక్సైడ్, స్ట్రాన్షియం కార్బొనేట్ పొడులను తూకం వేసి కలుపుతారు. ఒక పాలు స్ట్రాన్షియం ఆక్సైడ్‌కు ఇంచుమించు ఆరు పాళ్లు ఇనుప ఆక్సైడ్, బరువులో కాదు, అణువుల లెక్కలో. దాన్ని వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలిస్తే ఫెర్రైట్ తయారవుతుంది. ఆ గడ్డలను నీళ్లతో, ఉక్కు గుండ్లతో కలిపి బాల్ మిల్లులో గంటల తరబడి తిప్పుతారు. రేణువు మిల్లీమీటరులో వెయ్యోవంతు దగ్గరకు వచ్చేవరకు నూరాలి. అంత చిన్న రేణువులో అయస్కాంత దిక్కు ఒక్కటే ఉంటుంది. అది తలకిందులు కావాలంటే మొత్తంగా తిరగాలి, సగం సగం తిరగడం కుదరదు. మొండితనం అక్కడి నుంచే వస్తుంది. రేణువు పెద్దదైతే లోపల రెండు మూడు దిక్కులు ఏర్పడి, కొద్దిపాటి ఎదురు క్షేత్రానికే లొంగిపోతుంది. అలాగని మరీ మెత్తగా నూరినా చిక్కే. రేణువులు ఉండకట్టి దిక్కు తిరగవు, నొక్కేటప్పుడు నీరు సరిగా దిగక పగుళ్లు వస్తాయి.

తరువాత ఆ నల్లటి అడుసును ప్రెస్సులో పోసి నొక్కుతారు. నొక్కేటప్పుడు చుట్టూ ఉన్న తీగచుట్టలోకి కరెంటు వదులుతారు. క్షేత్రం రాగానే రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. కోసిన వరి పనలను కంకులన్నీ ఒకేవైపు ఉండేలా కుప్ప వేస్తారు చూడండి, అలాగన్నమాట. ఇలా ప్రెస్సులోనే రేణువులను తిప్పి చేసిన అయస్కాంతాలను ఫిలిప్స్ వాళ్లు 1954లో చూపించారు. క్షేత్రం లేకుండా నొక్కితే రేణువులు అడ్డదిడ్డంగా పారేసిన గడ్డిలా ఉంటాయి. అదే పొడి, అదే కొలిమి. కానీ క్షేత్రం లేకుండా నొక్కినదానిలో మిగిలే అయస్కాంత బలం సుమారు 0.2 టెస్లా అయితే, క్షేత్రంలో నొక్కినదానిలో 0.4 టెస్లా దాకా వస్తుంది. దాచుకోగల శక్తి అయితే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మొదటిసారి ఈ రెండు రకాల బిళ్లలను చేతిలో పట్టుకున్నప్పుడు నాకు తేడా కనపడలేదు. ఇనుప పలకకు అంటించి లాగినప్పుడు తెలిసింది.

నొక్కిన బిళ్లలను ఆరబెట్టి, 1200 డిగ్రీలకు అటూ ఇటూగా మళ్లీ కాలుస్తారు. దీన్ని సింటరింగ్ అంటారు. రేణువులు కరిగిపోకుండానే ఒకదానికొకటి అతుక్కుని బిళ్ల కుంచించుకుపోతుంది. రేణువుల దిక్కు వెంట ఎక్కువగా, అడ్డంగా తక్కువగా కుంచించుకుపోతుంది. అందుకే తొందరపడి వేడి పెంచితే బిళ్లలు చిట్లుతాయి. వేడి చాలకపోతే గుల్లగా మిగిలి బలం రాదు. వేడి ఎక్కువైతే రేణువులు ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి. మిల్లులో గంటలకొద్దీ పడిన కష్టం అంతా కొలిమిలో పోతుంది. అలా పెరగకుండా అడ్డుకోవడానికి కొంచెం సిలికా, కొంచెం కాల్షియం కార్బొనేట్ ముందే కలుపుతారు. పప్పులో ఉప్పంత, అంతే.

ఒక రాత్రి షిఫ్టులో కొలిమి వేడిని చూపించే మీటరు తప్పు చూపించింది. అసలు వేడి దానికంటే ఎక్కువ. తెల్లవారి బిళ్లలు బయటకు వచ్చాయి. మామూలు కంటే నున్నగా, మెరుస్తూ, బరువుగా ఉన్నాయి. విరిచి చూస్తే లోపల చిన్న చిన్న తళుకులు. ఆ తళుకులు పెద్దవైన రేణువులు. నేను చూశాను, చూసి కూడా లాగ్ పుస్తకంలో రాయలేదు. అందంగానే ఉన్నాయి కదా అనుకున్నాను. అయస్కాంతం చేశాక మామూలుగా లాగాయి కూడా. తరువాత ఎదురు క్షేత్రం పెట్టి పరీక్షిస్తే బలం జారిపోయింది. ఆ రాత్రి సరుకంతా పనికిరాకుండా పోయింది. నా జీతంలో కోత పడింది. కోత కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. తకేయి గారి స్విచ్ కథ అప్పటికే నాకు తెలుసు. ఆయన కూడా ఒక రాత్రి పొరపాటు చేశారు, నా కొలిమిలోనూ ఒక రాత్రి పొరపాటు జరిగింది. ఆయన పొద్దున్నే వచ్చి ముక్కను చూసి ఎందుకిలా అయిందని అడిగారు. నేను చూసి ఊరుకున్నాను.

ఇంకో విచిత్రం. కొలిమిలోంచి వచ్చిన బిళ్ల గుండుసూదిని కూడా పట్టుకోదు. సుమారు 450 డిగ్రీలు దాటితే ఫెర్రైట్ తన అయస్కాంతత్వాన్ని కోల్పోతుంది. చల్లారాక రేణువుల దిక్కులు అలాగే వరుసగా ఉన్నా, సగం ఇటు, సగం అటు చూస్తుంటాయి. వజ్రపు పొడి అతికించిన చక్రంతో అరగదీసి కొలతకు తెచ్చి, చివరగా ఒక్క క్షణం చాలా బలమైన క్షేత్రం ఇస్తారు. అప్పుడే అది అయస్కాంతం అవుతుంది. మా కర్మాగారంలో ముసలి మేస్త్రీ ఒకాయన దాన్ని ప్రాణప్రతిష్ఠ అనేవాడు.

మళ్లీ తకేయి గారి దగ్గరకు వద్దాం. 1970లో ప్రపంచ ఫెర్రైట్ శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సదస్సు జపాన్‌లోని క్యోటో నగరంలో జరిగింది. యుద్ధం తరువాత వెనక పడిన పేరు నెమ్మదిగా ముందుకు వచ్చింది. అదే సంవత్సరం ఫెర్రైట్ రహస్యం విప్పిన లూయీ నీల్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. గురువు కాతో గారు అప్పటికి లేరు. 1967లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నోబెల్ బహుమతి సిద్ధాంతం చెప్పినవారికి వెళ్లింది. పొడి కలిపి కాల్చినవారికి రాలేదు. నీల్ అర్హత మీద నాకు అనుమానం లేదు గానీ, ఆ సంగతి చదివినప్పుడు మనసుకు కొంచెం వెలితిగా అనిపించింది.

తకేయి గారు 1992 మార్చి 12న, తొంభై మూడో ఏట మరణించారు. 2009లో ఐ.ఇ.ఇ.ఇ. అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఫెర్రైట్ ఆవిష్కరణను ఇంజినీరింగ్ చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించింది. ఆ గుర్తింపు పత్రంలో 1930 సంవత్సరం ఉంది, కాతో, తకేయి ఇద్దరి పేర్లూ ఉన్నాయి, 1937లో టి.డి.కె. మొదలుపెట్టిన తయారీ కూడా ఉంది.

ఇక నా రెండు ముక్కల సంగతి. స్పీకరు బిళ్లలో ఒక ముఖమంతా ఉత్తర ధ్రువం, రెండో ముఖమంతా దక్షిణ ధ్రువం. ప్రెస్సులో రేణువులను నిలువుగా నిలబెట్టి అలా చేస్తారు. బిళ్ల విరిగితే రెండు ముక్కలకూ పైన ఉత్తరమే, కింద దక్షిణమే. విరిగినచోట ఆనించబోతే ఉత్తరం పక్కన ఉత్తరం వచ్చి తోసుకుంటాయి. ఒక్క ముక్కగా ఉన్నప్పుడు కూడా ఆ తోపు లోపల ఉంది, కాల్చిన రాయి గట్టితనమే దాన్ని పట్టి ఉంచింది. ఒక ముక్కను తలకిందులు చేసి చూడండి, వెంటనే అంటుకుంటుంది. ఇప్పుడు మన స్టోరు రూము వెనక పాడైన స్పీకరు ఇంకొకటి పడి ఉందని విన్నాను. వార్డెన్ గారిని అడిగి, రాయితో కాకుండా స్క్రూడ్రైవరుతో విప్పండి.

ఇట్లు,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి